కాలేజీ పేపర్‌కి ఏం రాయాలి? ఒక సాయంత్రం, ఒక వారం, ఒక సెమిస్టర్ స్టోరీలు

ఈ రోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ఇంటర్వ్యూల గురించి కూడా కాదు. కాలేజీ పేపర్ గురించి. మీ కాలేజీలో దాన్ని న్యూస్‌లెటర్ అనొచ్చు, క్యాంపస్ మ్యాగజైన్ అనొచ్చు, ఎడిటోరియల్ క్లబ్ అనొచ్చు. పేరు ఏదైనా పని ఒకటే.

కొన్ని నెలలుగా మీలో చాలామంది ఒకే రకం మెసేజ్ పెడుతున్నారు. "అన్నా, పేపర్ టీమ్‌లో వాలంటీర్‌గా చేరాను. నెలకో ఆర్టికల్ ఇమ్మంటున్నారు. మా కాలేజీలో రాయడానికి ఏమీ లేదు." ఇంకోపక్క ఎడిటర్లు ఇలా రాస్తున్నారు. "మొదటి మీటింగ్‌కి 20 మంది వచ్చారు. మిడ్స్ అయ్యేసరికి ముగ్గురు మిగిలారు." నాకు ఈ రెండూ ఒకటే సమస్యలా కనిపిస్తాయి. జీతం లేదు, మార్కులు లేవు, అటెండెన్స్ కూడా ఇవ్వరు. అలాంటి పనికి వచ్చిన మనిషికి "ఏదైనా రాసుకుని రా" అంటే, ఆ "ఏదైనా" ఏంటో తెలియక వాడు మెల్లగా గ్రూపులో మెసేజ్‌లు చూడటం మానేస్తాడు. బద్ధకం వల్ల మానేశాడని మనం అనుకుంటాం. అసలు వాడి చేతికి పనే ఇవ్వలేదు.

అందుకే ఈ ఎపిసోడ్‌లో చేతికి పని ఇచ్చే ప్రయత్నం చేస్తాను. పెన్ను, నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

ముందు ఇప్పుడు మన కాలేజీ పేపర్లలో ఏముంటుందో చూద్దాం. మొదటి పేజీలో ముఖ్య అతిథి జ్యోతి ప్రజ్వలన ఫొటో. పక్కన ప్రిన్సిపాల్ గారి సందేశం. లోపల ఫ్రెషర్స్ డే, టెక్ ఫెస్ట్, రక్తదాన శిబిరం. ఆ తర్వాత "సోషల్ మీడియా వరమా, శాపమా" అని ఒక వ్యాసం. ఆ వ్యాసం నెట్‌లో ఎక్కడో ఉంది, ఈ మధ్య అయితే చాట్‌జీపీటీలో పుట్టింది. ఫొటోలో ఉన్నవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ చదవరు. తప్పు రాసినవాళ్ళది అని నేను అనను. వాళ్ళకి టాపిక్ ఇచ్చారు, స్టోరీ ఇవ్వలేదు.

ఈ రెండింటికీ తేడా ఏంటో చెప్తాను. "హాస్టల్ ఫుడ్" అనేది టాపిక్. "మెనూ బోర్డు మీద వారానికి మూడుసార్లు గుడ్డు అని ఉంది, ఈ నెలలో నిజంగా ఎన్నిసార్లు పెట్టారు" అనేది స్టోరీ. టాపిక్ గురించి మీరు అభిప్రాయం రాస్తారు. స్టోరీ కోసం మీరు లేచి ఎక్కడికో వెళ్ళాలి, ఎవరినో అడగాలి, ఏదో లెక్కపెట్టాలి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి బగ్ రిపోర్ట్ తెలుసు. అందులో ముఖ్యంగా మూడు గడులుంటాయి. ఏం జరగాలి? నిజంగా ఏం జరిగింది? ఇంకొకరు కూడా అదే చూడాలంటే ఏమేం చేయాలి? కాలేజీ స్టోరీకి కూడా ఈ మూడు గడులు చాలు. ఒక రూల్ ఉంటుంది, లేదా ఒక మాట ఇచ్చి ఉంటారు. నేల మీద వేరేది జరుగుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఖాళీయే మీ స్టోరీ. మూడో గడి మీ నిజాయితీ. మీరు ఎలా కనుక్కున్నారో రాస్తే, ఎవరైనా వెళ్ళి సరిచూసుకోవచ్చు.

స్టూడెంట్ పేపర్‌తో ఏమవుతుందిలే అని అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2017లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ అనే ఊరి హైస్కూల్‌కి కొత్త ప్రిన్సిపాల్‌ని నియమించారు. స్కూల్ పేపర్ పేరు 'బూస్టర్ రీడక్స్'. పిల్లలు ఆవిడ గురించి మామూలు పరిచయ వ్యాసం రాద్దామనుకున్నారు. అందులో భాగంగా ఆవిడ చదువు వివరాలు సరిచూశారు. పెద్ద డిగ్రీలు ఇచ్చినట్టు చెప్పిన యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నట్టు ఎక్కడా కనిపించలేదు. ఆవిడనే ఇంటర్వ్యూ చేశారు, జవాబులు సరిపోలేదు. స్టోరీ వేశారు. కొద్ది రోజుల్లో ఆవిడ రాజీనామా చేశారు. స్కూల్ బోర్డు పెద్దలు చూడని విషయం పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు చూశారు. వాళ్ళకి రహస్య సమాచారం ఏమీ అందలేదు. చెప్పిన మాటని సరిచూశారు, అంతే.

మన దేశంలో కూడా ఈ అలవాటు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థులు 2007 నుంచి 'డీయూ బీట్' నడుపుతున్నారు. ఐఐటీ మద్రాసులో 'ది ఫిఫ్త్ ఎస్టేట్', ఐఐటీ బాంబేలో 'ఇన్‌సైట్', ఖరగ్‌పూర్‌లో 'ది స్కాలర్స్ అవెన్యూ' ఉన్నాయి. అంతెందుకు, కందుకూరి వీరేశలింగం గారు 'వివేకవర్ధిని' మొదలుపెట్టింది 1874లో. అప్పటికి ఆయన వయసు 26. టీచరు ఉద్యోగం చేసుకుంటూ నడిపిన పత్రిక అది. అందులో అధికారుల లంచాల గురించి కూడా రాశారు. కాబట్టి చిన్న వయసు, ఖాళీ టైమ్‌లో చేసే పని అనేవి అడ్డంకులు కావు.

సరే, ఇక ఐడియాలకి వద్దాం. వాలంటీర్ దగ్గర ఉండేది టైమ్ ఒక్కటే, అదీ కొంచెమే. కాబట్టి టైమ్ ప్రకారం మూడు భాగాలు చేశాను. ఒక సాయంత్రంలో అయ్యేవి, ఒక వారంలో అయ్యేవి, ఒక సెమిస్టర్ పట్టేవి.

ఒక సాయంత్రం స్టోరీలు

మొదటిది, ఎర్ర సిలిండర్లు. ప్రతి బ్లాక్‌లో, ప్రతి హాస్టల్ ఫ్లోర్‌లో మంటలార్పే సిలిండర్ గోడకి వేలాడుతూ ఉంటుంది. దాని మీద స్టిక్కర్‌గానీ ట్యాగ్‌గానీ ఉంటుంది. చివరిసారి ఎప్పుడు నింపారు, మళ్ళీ ఎప్పుడు నింపాలి అని రాసి ఉంటుంది. గేజ్ ఉన్నవాటిలో ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక గంట నడవండి. ఎన్ని ఉన్నాయి, ఎన్నింటికి గడువు దాటింది, ఎన్నింటికి అసలు ట్యాగే లేదు, ఫ్లోర్ వారీగా రాసుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే అది కూడా వార్తే, అలాగే వేయండి. మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జ్ గారికి మంచి పేరు వస్తుంది, రేపు మీరు ఇంకో ప్రశ్న అడిగినప్పుడు తలుపు తెరిచి ఉంటుంది.

రెండోది, నోటీసు బోర్డు. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకి జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 1800-180-5522. అది మీ క్యాంపస్‌లో ఎక్కడెక్కడ కనిపిస్తోంది? లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూడటానికి ప్రతి కాలేజీలో ఒక అంతర్గత కమిటీ ఉండాలి. 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు రెండూ అదే చెప్తున్నాయి. విద్యార్థులకి సంబంధించిన ఫిర్యాదైతే కమిటీలో విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. మీ కాలేజీ కమిటీలో ఎవరున్నారు? క్యాంటీన్ దగ్గర నిలబడి 20 మంది అమ్మాయిలని ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "కమిటీలో ఒక్కరి పేరు చెప్పగలరా?" ఎంతమంది చెప్పగలిగారో ఆ సంఖ్యే మీ హెడ్డింగ్.

మూడోది, హాస్టల్ గేటు. బాయ్స్ హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు, గర్ల్స్ హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు? ఆ టైమ్ ఎక్కడ రాసి ఉంది, ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు? లైబ్రరీ, ల్యాబ్ ఎన్నింటిదాకా తెరిచి ఉంటాయో పక్కన పెట్టి చూడండి. లైబ్రరీ తొమ్మిదిదాకా ఉండి, అమ్మాయిల గేటు ఏడుకి మూస్తే, ఆ రెండు గంటల చదువు ఎవరికి దొరుకుతోంది, ఎవరికి దొరకట్లేదు? వార్డెన్ మేడమ్‌ని కూడా తప్పకుండా అడగండి. ఆవిడకి తల్లిదండ్రుల నుంచి వచ్చే ఫోన్లు వేరే కథ చెప్తాయి.

నాలుగోది, జిరాక్స్ షాపు. కాలేజీ ఎలా నడుస్తుందో లెక్చరర్ల కంటే జిరాక్స్ షాపు అన్నకే బాగా తెలుసు. ఏ సబ్జెక్టు "ఇంపార్టెంట్స్" ఎక్కువ పోతాయి, పరీక్షకి ఎన్ని రోజుల ముందు రద్దీ మొదలవుతుంది, రికార్డులు ఎవరు రాసిపెడతారు, ఫోన్లు వచ్చాక వ్యాపారం ఎంత తగ్గింది? సరదాగా చదివించే స్టోరీ ఇది. లోపల మన చదువుల పరిస్థితి మొత్తం ఉంటుంది.

ఐదోది, ఒక మనిషి. నైట్ వాచ్‌మెన్, మెస్‌లో అక్క, ల్యాబ్ అటెండర్, బస్ డ్రైవర్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "నిస్వార్థ సేవకు మారుపేరు" లాంటి మాటలతో దండ వేయకండి. వివరాలు అడగండి. ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరతారు, జీతం కాలేజీ ఇస్తుందా లేక కాంట్రాక్టరా, పీఎఫ్ కట్ అవుతోందా, చేరినప్పుడు ఈ క్యాంపస్ ఎలా ఉండేది? ఆయన చెప్పిన వాటిలో ఏది పేరుతో వేయొచ్చో, ఏది వేస్తే ఆయన ఉద్యోగానికి ఇబ్బందో ఆయన్నే అడిగి తెలుసుకోండి. మీకు ఇది బైలైన్, ఆయనకి ఇది బతుకుతెరువు.

ఒక వారం స్టోరీలు

ఆరోది, మెస్ లెక్క. ఏడు రోజులు, మూడు పూటలు. ఒక పక్క మెనూలో ఉన్నది, ఇంకో పక్క వడ్డించింది. అంతే, పట్టిక గీయండి. రుచి గురించి ఒక్క మాట కూడా రాయకండి. రుచి మీద వాదించొచ్చు, పట్టిక మీద వాదించడం కష్టం. ఇంకొకటి, ఆహారం అమ్మే ప్రతి చోటా ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్‌గానీ రిజిస్ట్రేషన్‌గానీ ఉండాలి. దానికి 14 అంకెల నంబర్ ఉంటుంది, కనిపించేలా పెట్టాలి. మీ మెస్‌లో, క్యాంటీన్‌లో అది కనిపిస్తోందా? గడువు ఎప్పటిదాకా ఉంది? మెస్ కాంట్రాక్టర్‌తో కూడా కూర్చోండి. నూనె ధర, కూరగాయల ధర, ఒక్కో విద్యార్థికి తనకి కాలేజీ ఇచ్చే డబ్బు చెప్పమనండి. అప్పుడు విలన్ ఎవరనేది మీరు అనుకున్నంత తేలిగ్గా తేలకపోవచ్చు. అలాంటప్పుడే స్టోరీ బాగుంటుంది.

ఏడోది, బస్సు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. దీని మీద టీవీల్లో గంటల కొద్దీ వాదనలు జరిగాయి. మీ కాలేజీ స్టాప్‌లో మాత్రం ఎవరూ నిలబడలేదు. ఐదు రోజులు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిదాకా మీరు నిలబడండి. ఎన్ని బస్సులు వచ్చాయి, ఎన్ని ఆగాయి, ఎన్ని ఆపకుండా వెళ్ళిపోయాయి? మొదటి పీరియడ్‌కి ఎంతమంది ఆలస్యమయ్యారు? పాస్ డబ్బులు మిగిలిన అమ్మాయిలు వాటితో ఏం చేస్తున్నారు? దూరం వల్ల ఇంతకుముందు ఈ కాలేజీ వద్దనుకుని, ఇప్పుడు చేరినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డిపో మేనేజర్ దగ్గరికి కూడా వెళ్ళండి. ఈ ఒక్క స్టోరీ జిల్లా ఎడిషన్లకి కూడా పనికొస్తుంది.

ఎనిమిదోది, కండోనేషన్. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద చదివేవాళ్ళకి ఇది కంఠతా వచ్చే విషయం. 75 శాతం అటెండెన్స్ ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపించి, ఫీజు కట్టి, మినహాయింపు తీసుకోవాలి. ఆ కంటే తక్కువైతే సెమిస్టర్ పోతుంది. మీ కాలేజీలో పోయిన సెమిస్టర్ ఎంతమంది కట్టారు? కారణాలేంటి? అందులో సాయంత్రం పార్ట్‌టైమ్ పని చేసేవాళ్ళు ఎంతమంది, రోజూ రెండు గంటలు ప్రయాణం చేసేవాళ్ళు ఎంతమంది, జ్వరం వచ్చినవాళ్ళు ఎంతమంది? "బంక్ కొట్టాడు" అనే ఒక్క మాట వెనక ఎన్ని రకాల మనుషులున్నారో బయటికొస్తుంది.

తొమ్మిదోది, మాయమవుతున్న బ్రాంచిలు. చాలా కాలేజీల్లో సీఎస్ఈ సెక్షన్లు అక్షరమాల చివరిదాకా వెళ్తుంటే, సివిల్, మెకానికల్ సీట్లు తగ్గిపోతున్నాయి. మీ కాలేజీలో ఐదేళ్ళ కింద ఏ బ్రాంచికి ఎన్ని సీట్లు, ఇప్పుడెన్ని? ఆ బ్రాంచి లెక్చరర్లు ఇప్పుడు ఏం చెప్తున్నారు? వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్లు తిరుగుతున్నాయా, లేక గుడ్డ కప్పి ఉన్నాయా? చివరి బ్యాచ్ మెకానికల్ విద్యార్థి ఒకరితో మాట్లాడండి. అలాగే 70 మంది కూర్చున్న సీఎస్ఈ క్లాసులో చివరి బెంచీ నుంచి బోర్డు కనిపిస్తుందో లేదో మీరే కూర్చుని చూడండి.

ఒక సెమిస్టర్ స్టోరీలు

ఇప్పుడు పెద్దవాటికి వద్దాం. వీటిని ఒక్కరే చేయొద్దు, ముగ్గురు కలిసి చేయండి.

పదోది, ప్లేస్‌మెంట్లు. నన్నడిగితే ప్రతి స్టూడెంట్ పేపర్ ఏడాదికొకసారి తప్పకుండా చేయాల్సిన స్టోరీ ఇదే. గేటు బయట ఫ్లెక్సీ మీద "హైయెస్ట్ ప్యాకేజ్" అని ఒకే ఒక్క విద్యార్థి ఫొటో ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదుగురికి ఉద్యోగాలొచ్చాయి. 3 లక్షలు, 3.5, 3.6, 4, ఐదో మనిషికి 44 లక్షలు. మొత్తం 58.1 లక్షలు. సగటు తీస్తే 11.62 లక్షలు వస్తుంది. ఆ ఐదుగురిలో ఎవ్వరికీ 11 లక్షల జీతం లేదు. వరసలో మధ్యలో ఉన్న మనిషి జీతం 3.6 లక్షలు. దాన్నే మీడియన్ అంటారు. మీ నాన్నగారికి చెప్పాల్సిన సంఖ్య అదే.

దాన్ని ఎక్కడ వెతకాలి? కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు డేటా పంపుతాయి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకి వెళ్ళారు, ఉద్యోగం వచ్చినవాళ్ళ మీడియన్ జీతం ఎంత, అన్నీ ఉంటాయి. ఆ కాలేజీ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసి ఉంటే, వెబ్‌సైట్‌లో ఏదో మూల ఈ పీడీఎఫ్ దొరుకుతుంది. ఫ్లెక్సీ ఒక చేత్తో, పీడీఎఫ్ ఇంకో చేత్తో పట్టుకోండి. స్టోరీ సగం అయిపోయింది.

మిగతా సగం కింద సంఖ్య. "90 శాతం ప్లేస్‌మెంట్" అంటే ఎంతమందిలో 90 శాతం? క్లాసులో 100 మంది ఉంటే, బ్యాక్‌లాగ్‌లు లేనివాళ్ళు, కటాఫ్ దాటినవాళ్ళు 60 మంది, వాళ్ళలో 54 మందికి వస్తే అది 90 శాతమే. మిగిలిన 40 మంది లెక్కలోనే లేరు. ఒకే మనిషికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కపెట్టారా, ఒకటిగానా? ఇంకొకటి, ఎవరూ అడగని ప్రశ్న. పోయినేడాది ఆఫర్ లెటర్ తీసుకున్నవాళ్ళలో ఇప్పటికి నిజంగా చేరినవాళ్ళు ఎంతమంది? సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న ఫారం పెడితే తెలిసిపోతుంది. ఎంతమంది జవాబిచ్చారో కూడా స్టోరీలో రాయండి. 200 మందికి పంపితే 40 మంది రాశారంటే, ఆ 40 మంది గురించే మాట్లాడుతున్నామని పాఠకుడికి తెలియాలి.

పదకొండోది, సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని, "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం" అని చెప్పే కాలేజీలు ఉన్నాయి. కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వనివీ ఉన్నాయి. యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, అడ్మిషన్ టైమ్‌లో ఒరిజినల్స్ సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. సీటు వదిలేసుకునేవాళ్ళకి ఎంత ఫీజు తిరిగివ్వాలో కూడా అందులో ఉంది. ఇక్కడ మూడు పక్షాలున్నాయి. డబ్బు రాని కాలేజీ, డబ్బు ఇవ్వని ప్రభుత్వం, మధ్యలో టీసీ లేక ఉద్యోగంలో చేరలేని విద్యార్థి. ముగ్గురి మాటా ఉండాలి. విద్యార్థి పేరు మార్చండి, కాగితాలు మాత్రం మీ కళ్ళతో చూడండి.

పన్నెండోది స్టోరీ కాదు, పనిముట్టు. సమాచార హక్కు చట్టం, 2005. ప్రభుత్వ కాలేజీ, యూనివర్సిటీ అయితే నేరుగా అడగొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ప్రైవేట్ కాలేజీని నేరుగా అడగడం కుదరకపోవచ్చు, కానీ ఆ కాలేజీ గురించి యూనివర్సిటీ దగ్గరో, ఏఐసీటీఈ దగ్గరో ఉన్న కాగితాలు అడగొచ్చు. తనిఖీ కమిటీ రిపోర్టు, అనుమతించిన సీట్లు, ఫ్యాకల్టీ జాబితా లాంటివి. ఒక కిటుకు చెప్తాను. "ఎందుకు చేయలేదు?" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీదాకా ఉన్న తనిఖీ నివేదికల నకళ్ళు ఇవ్వండి" అని అడగండి. కాగితం అడిగితే కాగితం వస్తుంది. సెమిస్టర్ మొదటి వారంలో వేస్తే, జవాబు ఆలస్యమై అప్పీలుకి వెళ్ళినా సెమిస్టర్ లోపల ఏదో ఒకటి చేతికొస్తుంది.

రాసేటప్పుడు

కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. ఎవరి మీద రాస్తున్నారో వాళ్ళ జవాబు లేకుండా వేయకండి. ప్రశ్నలు మెయిల్‌లో పంపండి, రెండు మూడు రోజులు టైమ్ ఇవ్వండి. జవాబు రాకపోతే "ఫలానా తేదీన అడిగాం, జవాబు రాలేదు" అని రాయండి. ఒక్కరు చెప్పినదాన్ని రెండో మనిషితోనో, కాగితంతోనో సరిచూడండి. హాస్టల్‌లో అందరూ అనుకుంటున్నారు అనేది ఆధారం కాదు. పరువు నష్టం కేసు స్టూడెంట్ పేపర్ మీద కూడా పెట్టొచ్చు. మీ నోట్స్, తేదీలు, ఫొటోలు మీకు రక్ష.

ఇంకొకటి, చాలా బరువైన విషయం. క్యాంపస్‌లో ఒక విద్యార్థి ప్రాణం తీసుకుంటే, అందరి చూపూ మీ పేపర్ మీద ఉంటుంది. ప్రెస్ కౌన్సిల్ 2019లో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎలా చనిపోయారో వివరించకండి, లేఖ వేయకండి, "మార్కులు రాలేదని" అంటూ ఒకే కారణానికి ముడిపెట్టకండి, ఫొటో కోసం ఆ కుటుంబం దగ్గరికి పరుగెత్తకండి. టెలీ మానస్ నంబర్ 14416 తప్పకుండా వేయండి. ఆ నెల మీరు రాయగలిగిన మంచి స్టోరీ వేరే ఉంది. కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? వారానికి ఎన్ని గంటలు ఉంటారు? అపాయింట్‌మెంట్ ఎన్ని రోజులకి దొరుకుతోంది? అది చదివి ఒక్కరు ఆ గది తలుపు తట్టినా చాలు.

భాష గురించి కూడా ఒక మాట. పేపర్ ఇంగ్లీషులోనే ఉండాలని చాలామంది అనుకుంటారు. మీ మెస్‌లో గొడవ తెలుగులో జరుగుతుంది, బస్సులో తెలుగులో జరుగుతుంది. ఇంగ్లీషులోకి మార్చేసరికి మనుషులందరూ ఒకేలా మాట్లాడతారు. కనీసం రెండు పేజీలు తెలుగులో పెట్టండి. శ్రీకాకుళం అబ్బాయి మాట శ్రీకాకుళంలా, ఆదిలాబాద్ అమ్మాయి మాట ఆదిలాబాద్‌లా ఉండనివ్వండి. అప్పుడు మెస్ అక్క కూడా తన గురించి రాసినది చదువుకోగలుగుతుంది, లేదా ఎవరితోనైనా చదివించుకోగలుగుతుంది.

"ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోకపోతే?" అని అడుగుతారు. కాలేజీ డబ్బుతో నడిచే పేపర్‌లో అన్నీ వేయలేరు, ఈ నిజం దాచడం అనవసరం. కానీ వేయగలిగినవి మీరు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. సిలిండర్లు, బస్సు, లైబ్రరీ టైమింగ్స్, కౌన్సెలర్ గది, వీటికి ఎవరూ అడ్డుచెప్పలేరు. లెక్కలతో, మర్యాదగా, రెండు వైపులా రాసే టీమ్ అని పేరొచ్చాక ప్లేస్‌మెంట్ స్టోరీకి చోటు దొరుకుతుంది. అప్పటికీ వద్దంటే, అబద్ధం మాత్రం వేయకండి. ప్రకటనలో ఉన్న సంఖ్యనే వార్తగా వేయమంటే, "ఈ వివరాలు కాలేజీ ఇచ్చినవి" అని ఒక్క లైన్ పెట్టండి. పాఠకుడికి అర్థమవుతుంది.

ఎడిటర్లకి చివరిగా రెండు విషయాలు. వాలంటీర్‌కి "ఆర్టికల్ రాయి" అనకండి, ఒక చోటు అప్పగించండి. నీది మెస్, నీది లైబ్రరీ, నీది బస్ స్టాప్, నీది ఎగ్జామ్ బ్రాంచ్. ప్రతి మంగళవారం అక్కడికి వెళ్ళి పది నిమిషాలు మాట్లాడి రావాలి, అంతే. నెల తిరిగేసరికి స్టోరీ వాళ్ళనే వెతుక్కుంటూ వస్తుంది. రెండోది, పరీక్షల నెలలో ఎవరూ రాయరు. ముందే మనిషి పరిచయాలు మూడు రాయించి దాచి పెట్టుకోండి. అవి పాతబడవు.

ఇంత కష్టం ఎందుకు అంటే, ప్రతి ఏడాది ఈఏపీసెట్ ఫలితాలొచ్చాక, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో, ఊరి నుంచి ఒక తండ్రి పిల్లనో పిల్లాడినో తీసుకుని మీ గేటు దగ్గరికొస్తాడు. లోన్ తీసుకుంటాడో, పొలం తాకట్టు పెడతాడో మనకి తెలీదు. ఆయనకి ఆ రోజు కనిపించేది ఫ్లెక్సీ ఒక్కటే. లోపల నాలుగేళ్ళు ఉన్న మీకు మీడియన్ జీతం తెలుసు, బస్సు ఆగదని తెలుసు, ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్‌లు పనిచేస్తాయో తెలుసు. గేటు పక్కన టీ కొట్టు మీద మీ పేపర్ ఒక కాపీ ఉంటే, ఆయన చేతిలో ఫ్లెక్సీతో పాటు ఇంకొకటి ఉంటుంది.

ఈ వారానికి హోంవర్క్ ఒక్కటే. ఈ సాయంత్రం మీ ఫ్లోర్‌లో ఉన్న ఎర్ర సిలిండర్ దగ్గరికి వెళ్ళి ట్యాగ్ మీద తేదీ చదవండి. తర్వాత పక్క ఫ్లోర్‌కి వెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో, తెచ్చిన నోట్స్‌ని 400 పదాల స్టోరీగా ఎలా మార్చాలో, మొదటి వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.